వాసన లేని ఉల్లి

మొన్న కూరగాయల అంగట్లో ఒక కుర్రవాడు నన్ను "ఏ ఊరమ్మా మీది, గుంటూరు దిక్కా?" అని అడిగాడు. నేను వెల్లుల్లిపాయలు పావుకిలో తూయమన్నాను, అంతే. మార్కాపురం, గిద్దలూరు పక్కన ఎవరూ ఆ మాట అనరు. ఇక్కడ ఉల్లి అంటే ఎర్రగడ్డ, వెల్లుల్లి అంటే తెల్లగడ్డ. పుట్టిందీ పెరిగిందీ ఈ మట్టిలోనే అయినా, ఆ ఒక్క మాట దగ్గర మా ఇంటివాళ్ళం పరాయి ఊరివాళ్ళమే. ఎందుకో అంగట్లో నిలబడి చెప్పే సంగతి కాదు. నవ్వి ఊరుకున్నాను. సంచిలో వేసిన వాటిలోంచి ఒకటి తీసి, గోటితో గిచ్చి, వాసన చూసుకున్నాను. "మంచివేనమ్మా, పుచ్చులేం లేవు" అని ఆ పిల్లవాడు నొచ్చుకున్నాడు.

పుచ్చుల కోసం కాదు నాయనా, భయం. నాకు మనవలు పుట్టినా పోని భయం.

మా ఊరు నల్లమల కొండల అంచున ఉండేది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. గుంటూరు నుంచి వచ్చే చిన్న రైలు గిద్దలూరు దాటి కొండల్లోకి పోయేది, ఆ కూత మా పేట దాకా వినిపించేది. మా నాయన మార్కాపురం దగ్గర పలకల గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం గుడి వేళకు ఇల్లు చేరేవాడు. గుడి అంటే మాకు రేకుల కప్పు చర్చి. చిన్నాయన రైలు పట్టాల గ్యాంగులో కూలి, అతనూ వారాల తరబడి లైను మీదే. ఇంట్లో పెత్తనమంతా మా జేజిది, అంటే నాయనను కన్న తల్లిది. ఆమె నోటికి పేటంతా జడిసేది. జేజి దగ్గితే పక్కింట్లో పిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు.

రాళ్ళ మీద నిలబడి నిలబడి నాయన అరికాళ్ళ నిండా ఆనెకాయలు. నడుస్తుంటే కుంటేవాడు. దానికి మందు కొండ మీద ఉండేది. ఎండలు ముదిరిన ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, గడ్డపార భుజాన వేసుకుని నన్ను కూడా రమ్మన్నాడు.

ఆ కొండ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. చెట్లన్నీ ఆకు రాల్చి కట్టెల్లా నిలబడ్డాయి. పలకలు పలకలుగా పగిలిన రాయి, కాలు పెడితే జారి గలగలమంటుంది. గడ్డి పరక లేదు. అటువంటి చోట, రాతి సందుల్లోంచి, ఆకు అన్నది లేకుండా ఒట్టి కాడలు లేచి ఉన్నాయి. నా మోకాలి ఎత్తు, కొన్ని ఇంకా పొడుగు. కాడ పైన చిన్న చిన్న మొగ్గలు, మట్టి రంగువి, తల వంచుకుని ఉన్నాయి. ఎవరో పనిగట్టుకుని వచ్చి రాళ్ళ మధ్య పుల్లలు గుచ్చి పోయినట్టు కనిపించింది.

"ఆకు లేకుండా పువ్వేంది నాయనా?"

"అది నక్కఉల్లి. ముందు పువ్వొస్తాది. వానలు పడినాక ఆకొస్తాది, అప్పటికి పువ్వు ఉండదు. ఆకూ పువ్వూ ఒకదాని మొగం ఒకటి చూడవు."

నాయన కాడ పక్కన గడ్డపార వేసి రాయి పెకిలించాడు. అడుగున గడ్డ, నా పిడికిలి అంత. పై పొట్టు రాలితే లోపల తెల్లగా, నిగనిగలాడుతూ, పొర మీద పొర. అచ్చం ఉల్లి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. నాయన చటుక్కున నా చేయి పట్టుకున్నాడు.

"నోట్లో పెట్టబాకు. మేకలు గూడా దీని జోలికి పోవు, పందులు తవ్వవు. నక్క అని పేరు ఊరికే పెట్టలేదు, చూడను ఉల్లే, బుద్ధి వేరే."

"తింటే ఏమైతాది?"

"గుండె నిలబడిపోతాది."

బస్సు నిలబడిపోతుంది అన్నంత మామూలుగా అన్నాడు. నేను చేతులు పావడాకు తుడుచుకున్నాను. దిగేటప్పుడు వెనక్కి చూస్తే, పొద్దు వాలుతున్న ఆ వేళకు మొగ్గలు విచ్చుకుంటున్నాయి. అవి నా వెంట చూస్తున్నాయని అనిపించి నాయన పంచె అంచు పట్టుకున్నాను.

భయం ఉన్నంత మాత్రాన కోతి పనులు ఆగుతాయా? ఆ గడ్డ జిగురు ఒంటికి తగిలితే దురద అని తెలిసిన మరుసటి రోజే, ఒక పొర ఒలిచి పక్కింటి పెద్దమ్మ మనవడి మెడకు రాశాను. వాడు గోడకు వీపు రుద్దుకుంటూ పేటంతా తిరిగాడు. జేజి వాడి మెడకు చింతపండు పులుసు పట్టించి, చింతబరికెతో నా కాళ్ళకు వాతలు పెట్టింది. ఆ గడ్డలు వేసిన తట్టను వంటింట్లో, కుండల దొంతికి ఎడమ పక్కన పెట్టి, "దాని దగ్గరకు పోయినావంటే కాళ్ళు ఇరగ్గొడతా" అంది. ప్రతి ఆదివారం ఒక గడ్డను నిప్పుల్లో కాల్చి, చీల్చి, నాయన అరికాలికి కట్టేది.

ఆ తర్వాత చిన్నాయనకు పెళ్ళయి చిన్నమ్మ వచ్చింది. గుంటూరు అవతల, కాలవల కింద ఊరు ఆమెది. సంబంధం కుదిర్చింది మా పాదిరిగారు. రైలు దిగి, ట్రంకు పెట్టెతో, పచ్చ చీరతో మా గుమ్మంలో నిలబడింది. వరి తప్ప ఎరగని మనిషికి కొర్రన్నం గొంతు దిగేది కాదు. ఆమె మాటలు మాకు పెద్ద వేడుక. మేం "వచ్చినాడు" అంటే ఆమె "వచ్చాడు" అనేది. పిల్లలం వెనకాల చేరి "వచ్చాడూ, పోయాడూ" అని పాట కట్టేవాళ్ళం. ఆమే నవ్వేది. జేజి మాత్రం వదిలేది కాదు.

"ఉల్లిపాయ యాడుంది అత్తయ్యా?"

"పాయ ఏంది మే? పాయ అంటే జడకుంటాది. గడ్డను గడ్డ అనలేవా?"

చిన్నమ్మ తల దించుకుని "గడ్డే అత్తయ్యా" అనేది. పాపం, జేజి మెప్పు కోసం చాలా తాపత్రయపడేది. నేను ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. చీకట్లో "గడ్డ, ఎర్ర గడ్డ" అని గొణుక్కుంటుంటే విని, దుప్పటిలో నోరు కుక్కుకుని నవ్వాను.

అప్పటికి అమ్మ బాలింత. ఆమెకు పుట్టింట్లో ఎవరూ లేరు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. తమ్ముడు పుట్టాడు. వంటింటి పక్కన పాత చీర అడ్డం కట్టి, ఆ చాటున నులక మంచం వేశారు. అక్కడ ఎప్పుడూ సాంబ్రాణి పొగ, వేపాకు, పాలు కలిసిన వాసన. పొద్దున్నే అమ్మకు కాయం ఉండ మింగించేవాళ్ళు. అది ఎంత చేదంటే, నేను ఒకసారి గోటితో గీరి నాకి, చెంబుడు నీళ్ళు తాగాను. అన్నంలో మొదటి ముద్ద కాల్చిన తెల్లగడ్డ, మంచినూనె. పాలు పడతాయని, వాతం చేయదని. ఆ పథ్యమంతా జేజి తన చేత్తోనే చేసేది. కొత్త కోడలిని దగ్గరకు రానిచ్చేది కాదు.

ఒక పొద్దున కొమరోలు నుంచి కబురు వచ్చింది. జేజి అక్క మొగుడు పోయాడు. మట్టి వేసే వేళకు అందుకోవాలంటే మొదటి బస్సుకే పోవాలి. జేజి కొంగు బిగించి, మూట నా నెత్తికెత్తి, ఒక కాలు గడప బయట పెట్టాక వెనక్కి తిరిగి చెప్పింది.

"మే, దొంతి పక్కన తట్టలో తెల్లగడ్డలు ఉండాయి. కాల్చి, దంచి, మంచినూనె ఏసి పెద్దదానికి మొదటి ముద్దలో పెట్టు. మర్చిపోబాకు."

"అట్టాగే అత్తయ్యా!" అంది చిన్నమ్మ. ఇన్నాళ్ళకు ఒక పని అప్పగించారని ఆమె మొహం వెలిగిపోయింది.

నేను జేజిని బస్సెక్కించి, దారిలో ఈతపండ్లు ఏరుకుని తింటూ, తీరిగ్గా వచ్చాను. చిన్నమ్మ పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని బూడిదతో చేతులు తోముకుంటోంది. మణికట్ల దాకా ఎర్రగా దద్దుర్లు.

"చేతులేంది చిన్నమ్మా?"

"చూడవే, ఒకటే దురద. మీ ఊరి ఉల్లిపాయలు ఇట్టా ఉంటాయేంటే? వాసనే లేదు. ఒలుస్తుంటే కంట్లో నీళ్ళన్నా రాలేదు."

"ఏ ఉల్లి?"

"మీ జేజమ్మ చెప్పింది గదా, తెల్ల గడ్డలని. ఆ దొంతి పక్కనవి."

ఈతగింజ నా నోట్లోనే ఉండిపోయింది. వంటింట్లోకి పోయి చూశాను. దొంతికి కుడి పక్కన తట్టలో వెల్లుల్లి ఉన్నది ఉన్నట్టే ఉంది. ఎడమ పక్కన తట్ట కదిలించి ఉంది. రోలు దగ్గర తెల్లటి పొట్టు.

"అమ్మ తినిందా?"

"ఇప్పుడే. మెతుకు మిగల్చలేదు" అంది చిన్నమ్మ, గర్వంగా.

ఆమె చీర పట్టుకుని లాగాను. "అది నక్కఉల్లి చిన్నమ్మా." ఆ మాట ఆమెకు తెలియదు, నాయన కాలికి కట్టేది కూడా ఉల్లే అనుకుంది. "నక్కేంటే?" అంది. "నాయన చెప్పినాడు, తింటే గుండె నిలబడిపోతాదంట."

చిన్నమ్మ లేచిన విసురుకు చెంబు దొర్లింది. చీర తెర తీసి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని, నవ్వు మొహంతో తమ్ముడికి పాలిస్తోంది. చిన్నమ్మ ఒక్క ఊపున బిడ్డను రొమ్ము నుంచి లాగేసింది. వాడు కెవ్వుమన్నాడు. "పిచ్చి పట్టిందా నీకు?" అని అమ్మ లేవబోయి, కడుపు పట్టుకుని ఒంగిపోయింది.

తర్వాత అంతా కేకలే. పక్కింటి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి కుంకుడుకాయల రసం పిసికి అమ్మ నోట్లో పోసింది. అమ్మ కక్కింది, మళ్ళీ పోశారు, మళ్ళీ కక్కింది. పచ్చి బాలింతను అట్లా పట్టి వంచుతుంటే చూడలేకపోయాను. అమ్మ చేతులు మంచులా చల్లబడ్డాయి. నావైపు చూసి, "ఏందే, నీ మొగమంతా పసుపు పూసినట్టు కనపడతాంది" అంది. నా మొహాన పసుపు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పెద్దమ్మ మొగుడు బండి కట్టాడు. అమ్మను గడ్డి మీద పడుకోబెట్టి గిద్దలూరు ఆసుపత్రికి బయలుదేరాం. పెద్దమ్మ అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, నా చేయి తీసి అమ్మ గుండె మీద పెట్టింది. "ఇట్లనే పెట్టి ఉంచు. కొట్టుకోకపోతే చెప్పు."

చిన్నపిల్లకు అటువంటి పని ఎవరూ చెప్పకూడదు. పెద్దమ్మది తప్పు కాదు, ఆమెకు చేతులు ఖాళీ లేవు. బండి గుంతల్లో పడి లేస్తుంటే, ఏది బండి కుదుపో, ఏది అమ్మ గుండో నాకు తెలిసేది కాదు. బండి నున్నటి చోట పోతున్నప్పుడు తెలిసేది. ఒకసారి కొట్టుకునేది. రెండోది వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. వచ్చేది. మళ్ళీ ఆగేది. ఆ ఆగినప్పుడల్లా నాకు కొండ మీద కాడలు కనిపించాయి, ఆకు లేకుండా, తల వంచుకుని. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. "కొట్టుకో, కొట్టుకో" అని మాత్రం అనుకున్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నేను మళ్ళీ ఎప్పుడూ చేయలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కక్కించడం మంచిదైంది అన్నాడు. తాను చెప్పేదాకా బిడ్డకు పాలు ఇవ్వొద్దన్నాడు. బతుకుతుందా అని పెద్దమ్మ అడిగితే, "ఈ రాత్రి గడవనీ" అన్నాడు. పెద్దమ్మ అక్కడే ఉండిపోయి, నన్ను బండిలో వెనక్కి పంపింది. అమ్మ గుండె మీద చేయి తీసి రావడం నాకు ఇష్టం లేదు. నేను తీస్తే ఆగిపోతుందేమోనని.

పొద్దు వాలే వేళకు రోడ్డు మీద కొమరోలు బస్సు దిగుతూ జేజి కనిపించింది. పెద్దమ్మ మొగుడు సంగతి చెప్పాడు. ఆమె మూట పట్టుకుని బండి పక్కన నడిచింది. జేజి మాట్లాడకుండా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

మా వాకిట్లో జనం. తమ్ముడిని పెద్దమ్మ కోడలు ఒళ్ళో వేసుకుని తన పాలు ఇస్తోంది. చిన్నమ్మ గోడవార కూర్చుని ఉంది, వాచిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. ఎవరూ ఆమె దగ్గరకు పోలేదు.

"తోడికోడలికి మందు పెట్టింది" అంటోంది ఒకామె. "కోస్తా దాన్ని తెచ్చుకుంటే ఇంతే."

"రేపటి రైలుకు ఎక్కించి పంపండి."

"రైలుకెందుకు? పోలీసోళ్ళకు చెప్పండి."

ఒక పూటలో అమ్మ పోతుందేమో, ఇప్పుడు చిన్నమ్మ కూడా పోతుంది అనుకున్నాను. జేజి జనాన్ని తోసుకుని లోపలికి వచ్చి చిన్నమ్మ ముందు నిలబడింది.

"ఏం పెట్టినావు మే?"

"మీరు చెప్పిందే అత్తయ్యా. తెల్ల గడ్డలు. తెల్లగా ఉన్నాయి, గడ్డలే గదా అని..." అంది చిన్నమ్మ. "మీది గడ్డ, మాది పాయ. తప్పకుండా చేద్దామనే చేశాను."

జేజి వంటింట్లోకి తొంగి చూసింది. ఎడమ పక్క తట్ట చూసింది, కుడి పక్క తట్ట చూసింది. నావైపు తిరిగి, "నేను ఆ మాటే అన్నానా?" అంది. "అన్నావు జేజీ" అన్నాను. జేజి బతుకులో తెల్లగడ్డ అన్న మాటకు రెండో అర్థం లేదు. తెల్లటి గడ్డ అన్న అర్థం ఆ నిమిషంలోనే మొదటిసారి వినపడింది ఆమెకు.

"విన్నారా?" అని వాకిలి వైపు తిరిగింది. "మాట నాది. అది నా మాట జవదాటలేదు, అంతే. పెద్దది చస్తే చంపింది నేను. పిలుచుకోండి పోలీసోళ్ళను, నన్ను పట్టిచ్చండి. దాని మీద పాపం ఎయ్యబాకండి. పోండి, బిడ్డ నిద్రపోవాల."

జనం పోయారు. జేజి చింతపండు నానబెట్టి, చిన్నమ్మ పక్కన కూలబడి, ఆ చేతులకు పులుసు పట్టించింది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. జేజి ఏడవగలదని నాకు అంతవరకు తెలియదు.

అమ్మ బతికింది. కొన్నాళ్ళకు అదే బండిలో, సగం మనిషై తిరిగి వచ్చింది. ఆ ఆదివారం నాయన తట్ట నెత్తిన పెట్టుకుని, కుంటుకుంటూ కొండెక్కి, ఆ గడ్డలన్నిటినీ రాళ్ళ సందుల్లో పాతి వచ్చాడు. మళ్ళీ ఆనెకాయలకు ఏ మందూ కట్టుకోలేదు. తొలి వానలు పడ్డాక ఒకరోజు చూస్తే, ఆ చోట పచ్చగా ఆకులు లేచి ఉన్నాయి. నేను పైకి పోలేదు.

అమ్మను జేజి అడిగింది. "అంత చేదును ఎట్ల మింగినావే? నాలికకు తెలీలేదా?"

"తెలిసింది" అంది అమ్మ. "కాయం గూడా చేదే గదా అనుకున్నా. ఆ పిల్ల ఎదురుగా కూసోని మొగం చూస్తాండె. మొదటిసారి చేసి పెట్టింది, బాగలేదంటే ఏడుస్తాదని తిన్నా."

తెర అవతల చిన్నమ్మ ఉంది. విన్నదో లేదో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ పథ్యం మొదలైన రోజు జేజి పొయ్యి ముందు కూర్చుని, "మే, ఆ..." అని ఆగింది. నోరు తిరగక రెండుసార్లు తడుముకుని, "వెల్లుల్లిపాయలు తే" అంది. అదే వేళకు చిన్నమ్మ కుడి పక్క తట్ట ఎత్తుకుని వచ్చి, "తెల్లగడ్డలు ఇవిగో అత్తా" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి జేజి పోయేదాకా మా ఇంట్లో అదే వరస. గుంటూరు కోడలు తెల్లగడ్డ అనేది, ఈ రాళ్ళలో పుట్టిన అత్త వెల్లుల్లిపాయ అనేది. అంగట్లో వాళ్ళు ఎగతాళి చేస్తే జేజి వాళ్ళ తాతలను కూడా తిట్టి వచ్చేది. జేజి నుంచి అమ్మకు, అమ్మ నుంచి మాకు ఆ మాట వచ్చింది.

అమ్మ కూడా పోయింది, చాలా ఏళ్ళు బతికే పోయింది. ఇప్పుడు చిన్నమ్మ ఒక్కతే మిగిలింది. మొన్న అంగడి నుంచి తిన్నగా ఆమె దగ్గరకే పోయాను. చూపు పోయింది. నా అడుగుల చప్పుడు విని మంచం మీద లేచి కూర్చుంది.

"తెల్లగడ్డలు తెచ్చినావా మే?"

"వెల్లుల్లిపాయలు తెచ్చినా చిన్నమ్మా."

చేయి చాచింది. ఒక్కొక్కటే తీసుకుని, గోటితో గిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన వచ్చాకే పక్కన పెట్టింది. పావుకిలో అయ్యేదాకా నేను పక్కనే కూర్చున్నాను.